పాటల ప్లేటుకు పుత్తూరు కట్టు

మా ఆయన ధనంజయరాజుకు నాకంటే ముందు వచ్చిన ప్రేమ ఒకటుంది. మద్రాసు మూర్ మార్కెట్లో కొన్న ఇంగ్లీషు పాప్ పాటల గ్రామఫోను ప్లేటు. అట్ట మీద ఒక తెల్లపిల్ల, ఆమె వెనక బెల్‌బాటమ్ ప్యాంట్లవాళ్ళు ముగ్గురు. బస్సు డిపోలో డ్యూటీ లేని ఆదివారం, తిరుపతిలోని మా ఇంట్లో అదే సుప్రభాతం. నచ్చిన పాట ఒక్కటే మళ్ళీ వేయమంటే మాత్రం ఒప్పుకోడు.

"ప్లేటంటే భోజనం పంకజా. పప్పు, రసం, మజ్జిగ వరసగా తినాల. నడుమ లేస్తే ఎట్లా?" అంటాడు.

మాటలు అర్థం కాకపోయినా, వినగా వినగా నాకూ ఆ పిల్ల గొంతంటే ఇష్టం పుట్టింది.

ఎనభై ఒకటి మే నెలలో మా నాయన సుందరరాజు వచ్చాడు. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టే మనిషి, చేతులు ముడుచుకుని కూర్చోలేడు. ప్లేటు బూజు వాసన కొడుతోందని, అల్లుడికి మేలు చేద్దామని, తడిగుడ్డతో తుడిచి మిద్దె మీద నా వడియాల పక్కన ఎండబెట్టాడు. మధ్యాహ్నానికి వడియాలు ఎండాయి. ప్లేటు కాల్చిన అప్పడంలా వంకర్లు పోయింది.

మా ఆయన దాన్ని చూసి యూనిఫాం చొక్కా తొడుక్కున్నాడు. అన్నం తినకుండా డ్యూటీకి పోయాడు. తిట్టినా బాగుండేది. అల్లుడు ఇంక తన మొహం చూడడేమోనని నాయన కుమిలిపోయాడు.

"ఇరిగిన కాలు అతికిస్తాను, వంగిన ప్లేటు సాపు చేయలేనా పాపా?" అని దాన్ని సంచిలో పెట్టుకుని పుత్తూరు బస్సెక్కాడు.

మరుసటి వారం తిరిగొచ్చాడు. రెండు రాతి పలకల నడుమ పెట్టి ఎండలో కాసేపు, నీడలో కాసేపు ఉంచాడట. దారిలో కదలకుండా గుడ్డ చుట్టి, వెదురు బద్దలు వేసి, అచ్చం మోకాలికి కట్టినట్టే కట్టాడు. ఎముకల కట్టుకు పూసే గుడ్డుసొన మాత్రం పూయలేదు, అదే పదివేలు. కట్టు కూడా తనే విప్పాడు, నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా.

ముల్లు పెట్టగానే మొదటి పాట వచ్చింది. కానీ ఆ పిల్ల గొంతు సాగుతూ, వణుకుతూ వచ్చింది.

"సరిగ్గా అతకలే అల్లుడూ. ఆ బిడ్డకి ఇంకా నొప్పి ఉండాది. సూడు, ఎట్లా మూలుగుతా ఉండాదో!" నాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా ఆయన వచ్చి ఆయన పక్కనే చాప మీద కూర్చున్నాడు.

"నొప్పి కాదు మామా, ఆ పాటే అంత. ప్రేమించినోడు యాడికో పోయినాడని ఏడస్తా ఉండాది. మీరు బాగానే కట్టినారు."

"అట్లనా, పాపం," అని నాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, ప్లేటులో ఆ పక్క పాటలన్నీ అయ్యేదాకా కదలకుండా విన్నాడు.

నిజానికి ఆ మొదటిది డాన్సు పాట. ఆ ప్లేటు మొత్తంలో అంత హుషారైనది ఇంకోటి లేదు. నేను వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఇట్లాంటి మనిషికి నన్ను కట్టబెట్టినందుకు మా నాయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ పూట మా ఆయన వద్దంటున్నా అన్నంలో నెయ్యి ఇంకో గరిటె వేశాను.