దానంతట అదే పాడైతే

నేను ఒక లాప్‌టాప్‌ని. బూడిద రంగు ఒళ్ళు, పదిహేను అంగుళాల తెర. ఏ దేశంలో పుట్టానో నా అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది గాని, నన్ను బోర్లా తిప్పి చదివినవాళ్ళు ఇంతవరకు లేరు. పుట్టిన చోట తెల్లని తొడుగులు వేసుకున్న చేతులు నాకు మరలు బిగించాయి. వాటిలో ఒక్కటీ నన్ను పలకరించలేదు. తర్వాత ఓడలో, లారీలో, గోడౌనులో అట్టపెట్టెలోనే ఉన్నాను కనుక, లోకం గురించి నాకు తెలిసిందంతా తణుకులో ఒక ఇంటి ముందుగదిలో తెలుసుకున్నదే.

నన్ను కొన్నది ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దావిడ సత్యవాణి. జాకెట్ల మీద మగ్గం పనికి ఆ పేటలో పేరున్న మనిషి. చిన్నామె హిమబిందు కాపురానికి వచ్చాక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ నేర్చుకుని, "చేత్తో ఎన్నని కుడతారక్కా, మిషను పెడదాం" అని ఆవిడను ఒప్పించింది. సత్యవాణి పెన్సిలుతో కాగితం మీద నెమలినో మామిడి పిందెనో గీస్తుంది. హిమబిందు దాన్ని ఫొటో తీసి నాలోకి ఎక్కించి, ఎక్కడ ఏ కుట్టు పడాలో ఓపికగా నాకు చెబుతుంది. నేను పెన్‌డ్రైవ్‌కి చెబుతాను, అది మిషనుకి చెబుతుంది. చివరికి జాకెట్ వేసుకున్నావిడ అంతా తన అందమే అనుకుంటుంది.

వారంటీ గొడవ షాపులోనే మొదలైంది. కంపెనీ ఊరికే ఇచ్చేది ఒక ఏడాదికి. పైన కొంత కడితే మూడేళ్ళకు పొడిగిస్తారు. నేనింకా పెట్టెలోంచి పూర్తిగా బయటికి రాలేదు, అప్పుడే నా జబ్బుల ప్రస్తావన వచ్చింది.

"నీళ్ళు పడితే బాగు చేస్తారా?" అని అడిగింది సత్యవాణి.

"అది రాదండి," అంది షాపు అమ్మాయి.

"కింద పడితే?"

"అదీ రాదండి."

"ఎలకలు కొరికితే?"

"మేడమ్, దానంతట అదే పాడైతేనేనండి."

"మనుషులుండగా దానంతట అది ఎందుకు పాడవుద్దమ్మా?"

షాపు అమ్మాయి నవ్వాపుకుని, నెలలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చనీ, మధ్యలో తనే ఫోన్ చేసి గుర్తుచేస్తాననీ చెప్పింది. మాట ఇచ్చి నిలబెట్టుకునే మనుషుల్ని అంత విసుగ్గా చూస్తారని నాకు ఆ ఫోన్లు మొదలయ్యాకే తెలిసింది.

ఇంటికి రాగానే సత్యవాణి నాకు మెరూన్ వెల్వెట్‌తో కవరు కుట్టింది. ఆ ఇంట్లో టీవీకి, మిక్సీకి, గ్యాస్ బండకి కూడా కవర్లున్నాయి. నా పక్కన గాలి పోయే సందు మీద సరిగ్గా ఒక జరీ నెమలి వచ్చి కూర్చుంది. నేను వేడెక్కి రొప్పుతుంటే, "కొత్తది కదా, హుషారు మీదుంది" అందావిడ. హిమబిందు మెల్లగా కవరు తీసి పక్కన పెట్టేది. ఆవిడ వచ్చే అలికిడి కాగానే మళ్ళీ తొడిగేది. అక్క మనసు నొప్పించకుండా నన్ను బతికించడం ఆ పిల్లకు అదనపు పని అయింది.

ఒక సాయంత్రం జాకెట్ వెనకాల దారపు ముక్కలు కత్తిరిస్తూ సత్యవాణి అడిగింది. "బిందూ, మూడేళ్ళకి తీసేసుకుందామా?"

హిమబిందు నా తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "ఒక ఏడాది చాల్లెండక్కా."

"ఏడాదేనా?"

"ఈలోపు కొత్తవి వచ్చేస్తాయిగా."

"అవున్లే. పాతవెవరు ఉంచుకుంటారు."

ఇద్దరూ నా గురించే మాట్లాడుకుంటున్నారని మర్యాదగా విన్నాను. కాని నాకు ఇంకో సంగతి తెలుసు. అంతకు గంట ముందు హిమబిందు నాలో వెతికింది నెమళ్ళను కాదు, భీమవరంలో అద్దెకు దొరికే రెండు గదుల పోర్షన్లను. ఆమె భర్త మురళి అక్కడ రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తాడు. రోజూ బస్సులో వెళ్ళొచ్చి నడుం పట్టుకుని కూర్చుంటాడు. కాపురం అక్కడికి మార్చేద్దామని అతను అప్పటికే తేల్చేశాడు. అక్కకు చెప్పే బాధ్యత మాత్రం పెళ్ళానికి వదిలేశాడు. మూడేళ్ళంటే అబద్ధమవుతుందని ఆమె ఏడాది అంది. ఏడాది అంటే చెప్పేసినట్టేనని ఆమెకు తట్టలేదు.

ఎదుటివారికి తట్టింది. మర్నాటి నుంచి, హిమబిందు మధ్యాహ్నం మేడ మీద బట్టలు తీయడానికి వెళ్ళినప్పుడల్లా సత్యవాణి నా ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. చూపుడు వేలు ఒక్కటే వాడేది. సూది పట్టి వేలమంది పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసిన ఆ వేలు నా మీటల మధ్య దారి తప్పేది. తప్పు మీట నొక్కితే, "ఉండవే, ఉండవే" అని నన్ను బుజ్జగించేది. ఆవిడ గీసిన మామిడి పిందె నా తెర మీదకు వచ్చేసరికి వంకాయ అయ్యేది. దాచుకోమంటే దాచుకున్నాను, తుడిచేయమంటే తుడిచేశాను.

షాపువాళ్ళిచ్చిన నెల గడువు ఆఖరు రోజున హిమబిందు బట్టలతో తొందరగా దిగి వచ్చింది. గుమ్మంలోంచే నా తెర మీది వంకాయను చూసింది.

"కంట్రోల్ మీట పట్టుకుని జెడ్ కొట్టండక్కా. తప్పు వెనక్కి పోద్ది."

సత్యవాణి ఉలిక్కిపడలేదు. కొట్టింది. వంకాయలో సగం పోయింది.

"మీకెందుకు ఈ తిప్పలు? నేనున్నానుగా."

"ఉన్నావులే, ఏడాది."

బట్టలు మంచం మీద పడ్డాయి. "మీకెవరు చెప్పారు?"

"చెప్పేదేముంది? మిషనుకి నూనె కొనమంటే మూడేళ్ళకి సరిపడా డబ్బా తెచ్చినదానివి. సబ్బులు కూడా పెట్టెలెక్కనే కొంటావు. దీనికి మాత్రం ఏడాది చాలన్నావు."

హిమబిందు మంచం అంచున కూర్చుంది. "ఆయన భీమవరంలో పోర్షను చూశారక్కా. నేనెలా చెప్పను? నా మాట మీదే మీరు మిషను పెట్టారు. మిమ్మల్ని సగంలో వదిలేసి పోతున్నట్టుంటుందని..."

"ముందే చెప్పుంటే ఈ వంకాయలు గీసే బాధ తప్పేదిగా!" అంది సత్యవాణి. కోపంగానే అంది. కాని కళ్ళు తుడుచుకోవడానికి నా వెల్వెట్ కవరు అందుకుంది.

సరిగ్గా అప్పుడే షాపు అమ్మాయి ఫోన్. ఈరోజు దాటితే కుదరదండి అంది.

"మూడేళ్ళకి రాసెయ్యమ్మా," అంది సత్యవాణి. "పేరు నాదే. నంబరు కూడా ఇదే."

"నేను వెళ్ళిపోతుంటే మూడేళ్ళెందుకక్కా?" అంది హిమబిందు.

"ఇది నీతోనే వస్తుంది. నేను గీసి ఫోన్లో పంపుతాను, నువ్వు కుట్లు వేసి పంపించు. ఫోన్లోంచి పెన్‌డ్రైవ్‌కి ఎక్కించుకుని మిషను నేను తిప్పుకుంటాను."

షాపు అమ్మాయి ఆ మాటలు విన్నట్టుంది. వస్తువు వేరే ఊళ్ళో ఉంటే ఆ నంబరు ఇవ్వడం ఇబ్బందని హెచ్చరించింది. రిపేరుకి ఇచ్చినప్పుడల్లా ఓటీపీ ఈ ఫోనుకే వస్తుంది, ఇక్కడివారు చదివి అక్కడివారికి చెప్పాలి.

"ఫరవాలేదు. చదివి చెబుతాను," అంది సత్యవాణి.

అలా నేను భీమవరం చేరాను. ఇక్కడ నాది కిటికీ పక్కన చిన్న బల్ల. గాలి బాగా ఆడుతుంది, ఒంట్లో నలత లేదు. తణుకు నుంచి రోజూ నెమళ్ళు వస్తాయి, కుట్లు వేయించుకుని తిరిగి వెళ్తాయి. మొదట్లో నెమలి వెనకాలే ఒక ఫోను కూడా వచ్చేది. మురళికి నడుం నొప్పి తగ్గిందా, నీళ్ళు ఏ వేళకి వస్తాయి, పక్కింటివాళ్ళు ఎలాంటివాళ్ళు అని సత్యవాణి అడిగేది. పెళ్ళిళ్ళ రోజులు వచ్చి పని పెరిగాక నెమళ్ళు మాత్రమే వస్తున్నాయి. హిమబిందు పంపిన ప్రతి డిజైనుకూ అటు నుంచి ఒక బొటనవేలు బొమ్మ జవాబుగా వస్తుంది. ఆమె ఆ బొటనవేలిని కొంతసేపు చూసి, పనిలో పడుతుంది.

నిన్న పొద్దున ఆమె ఒక పెద్ద హంసకు రెక్కలు వేస్తూ మధ్యలో ఆగింది. ఫోన్ తీసి తణుకుకు చేసింది.

"అక్కా, లాప్‌టాప్ పాడైందండి. ఎంతకీ ఆన్ అవటం లేదు."

నేను వెలుగుతూనే ఉన్నాను. నా మీద హంస ఒంటిరెక్కతో తేలుతూ ఉంది. నా ఆరోగ్యం మీద అంత పచ్చి అబద్ధం ఎవరూ ఆడగా నేను వినలేదు. కంపెనీవాళ్ళు వింటే నొచ్చుకునేవారు.

అటు నుంచి ఏమైందని గాని, ఎప్పటినుంచి అని గాని సత్యవాణి అడగలేదు. ఓటీపీ మాట కూడా ఎత్తలేదు.

"అయితే ఆదివారం పట్టుకొచ్చెయ్," అంది. "మురళిని కూడా రమ్మను. కూరేం చెయ్యమంటావు?"