కత్తి మడిచిన చెయ్యి

సెలూన్‌లో అతన్ని అందరూ మిరపకాయ అనే పిలిచేవారు. ఊరికే వచ్చిన పేరు కాదది. ఒకప్పుడు కోపమొస్తే ఎదుట ఉన్నది మనిషో అద్దమో చూసుకునేవాడు కాదు. బాప్తిస్మం తీసుకుని రెండేళ్ళయింది. కోపం తగ్గింది గానీ పేరు పోలేదు. పేర్లంతే, ఒకసారి అంటుకుంటే ఓ పట్టాన వదలవు.

ఆ సాయంత్రం అతను ఒక ముసలాయనకు గడ్డం గీస్తున్నాడు. బడి నుంచి వచ్చిన పిల్లలిద్దరూ గోడవార బల్ల మీద కూర్చుని, నాన్న పని ఎప్పుడవుతుందా అని చూస్తున్నారు. కూతురికి పదేళ్ళు, కొడుక్కి ఆరు.

తలుపు తోసుకుని కాంట్రాక్టరు లోపలికొచ్చాడు. మొన్ననే ఇక్కడ జుట్టుకు రంగు వేయించుకున్న మనిషి. ఇప్పుడు నుదురంతా బొబ్బలు.

"ఎవడయ్యా ఆ రంగు కలిపింది?"

కలిపింది ఓనరే, లోపలి గదిలో. ఒంటికి పడుతుందో లేదో ముందు చెవి వెనక కాస్త రాసి చూద్దామని మిరపకాయ అంటే, "నీకన్నీ అనుమానాలే, పుయ్యి" అని గదమాయించిందీ ఆయనే. ఆ ఓనరే ఇప్పుడు తడుముకోకుండా చెయ్యి చాపి చూపించాడు.

"వీడేనండి. ముందు రాసి చూడరా అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

ఎంత చక్కని అబద్ధమో చూడండి! తప్పు ఇతనిదైంది, జాగ్రత్త ఆయనదైంది.

"నేను కలపలేదు సార్..."

మాట పూర్తవకముందే ఓనరు అతని నెత్తిన ఠంగుమని మొట్టికాయ వేశాడు. "ఎదురు చెప్తావురా? క్షమాపణ అడుగు!" కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

మిరపకాయ చేతిలో కత్తి ఉంది. దాని కింద ముసలాయన మెడ ఉంది. చెవులు హోరెత్తాయి. ఆ హోరు అతనికి బాగా తెలుసు. పాత రోజుల్లో దాని తర్వాత ఏం జరిగేదో కూడా తెలుసు. ఒళ్ళంతా చెమటలు పట్టాయి, ఓనరును చూసి కాదు, తన చేతిని చూసి. ప్రభువా, నా చెయ్యి పట్టుకో, నా వల్ల కాదు, అనుకున్నాడు. అద్దంలో పిల్లలు కూర్చున్న బల్ల కనిపిస్తోంది గానీ అటు చూడడానికి ధైర్యం చాలలేదు.

కత్తి మడిచి అద్దం ముందు పెట్టాడు.

"మీకు పూసింది నేనేనండి. మీరింత బాధపడ్డారు, క్షమించండి," అన్నాడు.

కాంట్రాక్టరు సణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికి నడుస్తుంటే పిల్లలు ముందు, అతను వెనక. అంతమంది ముందు మొట్టికాయ తిన్న నాన్న మాట రేపటి నుంచి వీళ్ళు లెక్కచేస్తారా? యేసు కూడా తిరిగి కొట్టలేదని, అది చేతగాక కాదని చెప్పాలి. మాటలు లోపల్లోపల కూర్చుకున్నాడు.

"అమ్మలూ, నాన్న పిరికోడు అనుకుంటున్నారా?"

"నాకు చాలా భయమేసింది నాన్నా," అంది కూతురు, వెనక్కి తిరక్కుండానే.

"ఓనరంకుల్ అంతే తల్లీ, ఊరికే అరుస్తాడు..."

"ఆయనంటే కాదు. నీ చేతిలో కత్తి ఉంది కదా. అందుకే తమ్ముడి కళ్ళు మూసేశా."

"గట్టిగా మూసింది," అన్నాడు కొడుకు. "నువ్వు అమ్మని కొట్టేటప్పుడు మూసేది కదా, అలాగ."

మిరపకాయ నడక ఆపేశాడు. రెండేళ్ళుగా ఇంట్లో ఒక్క గిన్నె ఎగరలేదు. పిల్లలు మరిచిపోయి ఉంటారనుకున్నాడు, పిచ్చివాడు.

రోడ్డు పక్కనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చెయ్యని తప్పుకు ఇందాక పదిమందిలో క్షమాపణ చెప్పాడు. చేసిన తప్పుకు ఈ ఇద్దరికీ ఏనాడూ చెప్పలేదు. ఈ సిగ్గు ముందు ఆ మొట్టికాయ ఏపాటిది!

"నన్ను క్షమించండిరా," అన్నాడు.

"లే నాన్నా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ తల్లీ."

కూతురు లెమ్మంది గానీ క్షమించానని అనలేదు. కొడుకు అక్క ముఖంలోకి చూస్తున్నాడు. వాళ్ళు దగ్గరికి వస్తారో రారో తెలియక, చేతులు కదిపితే ఎక్కడ బెదిరిపోతారోనని, కదపకుండా అలాగే ఉండిపోయాడు.