గాజుపెట్టెలో బోర్డు

బోర్డును గాజుపెట్టెలో పెట్టాలన్న గొప్ప ఆలోచన అల్లుడుగారిది. బుల్లి బాబాయి నడిపే ఆ చిన్న కంపెనీలో ఆయన మాటకు తిరుగులేదు. కూతురి పెళ్లయి ఏడాదన్నా కాలేదు మరి. ఆయన తుమ్మినా బాబాయి చప్పట్లు కొట్టించేలా ఉన్నాడు.

ఆ బోర్డు బాబాయి అన్నకూతురు బుల్లి కష్టం. ఇంజనీరై ఇన్నేళ్లయినా అక్కడ ఆమె బుల్లే. సీసాల మూతలు సరిగ్గా పడ్డాయో లేదో కెమెరాతో చూసి చెప్పే ఎఫ్‌పీజీఏ అనే చిప్పున్న బోర్డు అది. బల్లమీద ఉన్నన్నాళ్లూ బుద్ధిగా పనిచేసింది. గాజుపెట్టెలోకి వెళ్లాకే రోగం పట్టుకుంది. కాసేపు తెరమీద బొమ్మ శుభ్రంగా వస్తుంది, తర్వాత ఆకుపచ్చ చారలు, ఆపైన ఏమీ ఉండదు. కెమెరా నుంచి వచ్చే పల్చటి కేబుల్ సరిగ్గా కూర్చోలేదని అల్లుడుగారు తేల్చేశారు. బుల్లి బోర్డు ఆపి, పెట్టె తెరిచి, కేబుల్ తీసి మళ్లీ పెట్టేది. బొమ్మ వచ్చేది. "చూశావా, నేను చెప్పలేదూ?" అనేవారాయన. చివరికి ఆమెకే తన చేతుల మీద నమ్మకం పోయింది.

ఈసారి చెడితే కెమెరా పని బయటివాళ్లకు ఇచ్చేస్తానన్నాడు బాబాయి, సొంత అన్నకూతురని కూడా చూడకుండా.

బోర్డు కొనేముందు పనితీరు చూడ్డానికి సీసాల కంపెనీ మేనేజరమ్మ వచ్చి కూర్చుంది. బొమ్మ వచ్చింది. బుల్లి ఊపిరి పీల్చుకునేలోగా చారలు దిగాయి.

"మళ్లీ కేబులే," నవ్వారు అల్లుడుగారు.

కంగారులో బుల్లి బోర్డు ఆపకుండానే పెట్టె తెరిచి చెయ్యి పెట్టింది. వేళ్లకు సెగ తగిలింది. చిప్పు మీది ఫ్యానును కప్పేసి, ఇన్నాళ్లూ ఉత్త సోకే అనుకున్న కంపెనీ పేరున్న బంగారురంగు స్టిక్కరు తళతళలాడుతోంది. గోటితో పీకేసింది. కింద ఫ్యాను తిరగడం లేదు. దాని వైరు ఊడదీసి, చక్కగా మడిచి, రబ్బరుబ్యాండు వేసి ఉంది.

బోర్డు ఆపి పెట్టె తెరిచినప్పుడల్లా చిప్పు చల్లారి బొమ్మ వచ్చిందన్నమాట. తిట్లు మాత్రం తనకు. ఒళ్లు మండిపోయింది.

"ఫ్యాను వైరు ఎవరు తీశారు?"

"వీడియో తీసేటప్పుడు గుయ్యిమంటోందని నేనే తీశాను. స్టిక్కరు కూడా నేనే వేశా, బాగుంది కదా," అన్నారు అల్లుడుగారు.

బాబాయి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కేబుల్ వదులైందని చెప్పెయ్యమ్మా. కొత్తల్లుడు, నలుగురిలో చిన్నబోతాడు."

"ఇన్నాళ్లూ నేను చిన్నబోలేదా బాబాయ్?" అంది బుల్లి, అందరికీ వినపడేలా. "కేబుల్ గట్టిగానే ఉంది. గాలాడకుండా మూసి, ఫ్యాను ఆపేసింది బావగారు."

ఆమె ఫ్యాను వైరు పెట్టింది. కాసేపటికి చారలు పోయాయి.

"ఇంతకీ ఏదన్నా తేడా వస్తే మావాళ్లు ఎవరికి ఫోన్ చెయ్యాలి?" అడిగింది మేనేజరమ్మ.

బాబాయి కళ్లు అలవాటుగా అల్లుడివైపే వెళ్లాయి.

"నాకు," అంది బుల్లి. గాజుపెట్టె మూత తీసుకెళ్లి అల్లుడుగారి ఒళ్లో పెట్టింది. "ఇది మీది బావగారూ. మీ దగ్గరే ఉంచుకోండి."