ఊరా, గుంపా?

నా ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. మా ఆయన సవరయ్య పోయాకే అక్షరాలు నేర్చుకున్నాను. నేను ఒక ముక్క రాసేలోపు పొయ్యి మీద అన్నం మాడుతుంది.

భద్రాచలం వెళ్లే దారిలో, అడవి అంచున మా ఇళ్లు. మావైపు చిన్న ఊళ్లను గుంపులంటారు. మాది ఇప్పలగుంపు. నా కూతురు ఫ్లోరెన్సుకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. అక్కడి గాలిలోనే కాస్త ఊపిరాడేది.

మా గుట్ట పక్కన కంకర క్రషర్ పెడతామన్నారు. ఊరికి దగ్గరలో పెట్టకూడదని రూలుంది కదా అని ధైర్యంగా ఉన్నాం. క్రషర్ యజమానుల సంఘం హైదరాబాదు ఆఫీసుల చుట్టూ తిరిగింది. రూలు అలాగే ఉంది. గుంపులు మాత్రం ఇకమీదట ఊళ్ల కిందికి రావట. ఏది ఊరో, ఏది గుంపో అక్కడివాళ్లనే అడిగి తేల్చాలట. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

క్రషర్ మీద మా మాట వినే విచారణకు షామియానా వేశారు. ఆఫీసరు నవ్వుతూ అడిగాడు. "పెద్దాయనా, మీది ఊరా, గుంపా?"

మాలో పెద్దవాడు గోపాలన్న మీసం దువ్వాడు. "గుంపే సారూ! మా తాత కట్టిన గుంపు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఫ్లోరెన్సు దగ్గుతూనే కొట్టింది. ఆఫీసరు రాసుకున్నాడు.

సంఘం ప్రెసిడెంటు చెంచురామయ్య కండువా దులుపుకుని లేచాడు. "అయిపాయె సార్. మా సంఘం అడిగితే సర్కారు గుంపులను ఊళ్ల లెక్కల నుంచి తీసేసె. ఇగ ఊరు కాదని వాళ్ల నోటితోనే చెప్పిండ్రు."

అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు. "ఆగు సారూ! మా దిక్కు గుంపంటే ఊరే! ఆ మాట కొట్టెయ్యుండ్రి!"

"రికార్డయిందమ్మా," అన్నాడు ఆఫీసరు.

"గిట్లెట్ల సారూ? నా బిడ్డ సచ్చిపోతది!"

"గుంపును ఊరంటే ఊరైతదా, అక్కా?" అన్నాడు చెంచురామయ్య.

"మరి నీ సంఘం ఏంది? అదీ గుంపే గదా! నీ గుంపు అడిగితే సర్కారు మాటకు అర్థమే మార్చింది. మా గుంపు ఏడిస్తే ఒక్క ముక్క కొట్టెయ్యదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గోపాలన్న తల పట్టుకుని కూలబడ్డాడు. నేను ఆఫీసరు జీపు తలుపు పట్టుకుని వేలాడితే డ్రైవరు నా వేళ్లు ఊడదీశాడు.

ఎండాకాలానికి క్రషర్ నడిచింది. ఆకుల మీదా, అన్నం మీదా తెల్లటి పొడి. ఫ్లోరెన్సుకు గుక్క తిరగడం లేదు. "అక్కడే ఉంటే బతకదు," అంది దవాఖానాలో డాక్టరమ్మ. ఇల్లు వదిలేసి వచ్చాం.

ఇక్కడా దుమ్మే, కాకపోతే బొగ్గు గనులది, నల్లది. కిటికీకి తడిగుడ్డ కట్టాను. ఒక చేత్తో పిల్ల వీపు రాస్తూ, రెండో చేత్తో ఇది రాస్తున్నాను. ఇంకెక్కడికి తీసుకుపోవాలో తెలియడం లేదు.

లిదియా, అరవై రెండేళ్లు. మా ఊరు ఇప్పలగుంపు. అది ఊరే. ఇప్పుడుండేది కొత్తగూడెంలో, కిరాయి గదిలో.