ఒట్టి చేతులతో ఎక్కరాని గుట్ట

ఖాజాగూడ గుట్ట మీది చేను ఎంత నిటారుగా ఉండేదంటే, అక్కడ గుమ్మడికాయ తొడిమ ఊడితే గోల్కొండ దాకా దొర్లి, కోటగోడకు తగిలితేగానీ ఆగేది కాదు. నమ్మనివాళ్ళు వెళ్ళి గోడ మీది మరక చూసుకోవచ్చు.

అలాంటి చోట కిష్టమ్మ జొన్న పండించేది. బండల నడుమ రాతికట్టలు పేర్చి మట్టిని నిలబెట్టడమే అక్కడి సేద్యం. వాన దింపిన మట్టిని మనిషి మళ్ళీ పైకి మోయాలి. అందుకే పెద్దలు కట్టుబాటు పెట్టారు: కొత్తల్లుడైనా సరే, ఎంతోకొంత మట్టి మోయకుండా గుట్ట ఎక్కరాదు.

ఆమె పెనిమిటి బాలనర్సయ్య మూసాపేట ఫ్యాక్టరీలో చేరాక రాకపోకలు తగ్గాయి. ఇంతలో నడిమి కట్ట తెగి పెద్దరాయి జారింది. ఇద్దరు చెయ్యి వేస్తేగానీ అది లేవదు. మృగశిర కార్తె దగ్గరపడింది. రాయి నిలవకుంటే తొలివానకే చేను ఊళ్ళోకి దిగుతుంది. సాయానికొచ్చిన వాళ్ళను కిష్టమ్మ “ఆయన వస్తడు” అని పంపేసింది. ఆ మాట ఒక్క రాయి కోసమే కాదని గుట్ట మీది మేకలకు కూడా తెలుసు.

ఒక ఆదివారం గుట్ట కింద పాంటు తొడుక్కున్న బాలనర్సయ్య నిలబడి కేకేశాడు.

“కిష్టీ! దిగి రావే! మూసాపేటల అర్ర కిరాయికి తీస్కున్న. నల్లా ఉంది, ఫ్యాను ఉంది!”

“చేనును సుత తోల్కపోతవా? నువ్వే ఎక్కు!”

“గంప లేదే!”

“తెల్వి సుత లేదా?”

ఆమె అటు తిరిగి కూర్చుంది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. కాసేపటికి ఆయాసపడుతూ వచ్చాడు, చేతిలో టిఫిను డబ్బా, దాని నిండా మట్టి.

“గిదేంది? పిచ్చుకకు పెండ్లి కట్నమా?”

“ఒట్టి చేతులతోని ఎక్కొద్దు గదా!”

ఇద్దరూ గడ్డపారలు వేసి రాయిని లేపి కట్టలో కూర్చోబెట్టారు. అతని గోళ్ళలోని మిషను నూనెకు గుట్ట మట్టి అంటుకోవడం చూస్తూ ఆమె చాలాసేపు అతని చేతి మీంచి తన చెయ్యి తీయలేదు.

పొద్దు వాలింది. “రేపు డ్యూటీ ఉంది. నువ్వు రావా?”

ఆమె చేను వైపు చూసింది. అతను అర్థం చేసుకుని డబ్బాకు చెయ్యి చాచాడు. ఆమె దాన్ని వెనక దాచింది.

“ఇది ఈడనే ఉంటది. మల్ల వచ్చి తీస్కపో.”

“మరి అన్నం దేంట్ల తినాలె?”

“దోసిట్ల తిను. నేను యాదికొస్త.”

మృగశిర వాన దంచి కొట్టింది. రాయి కదలలేదు. డబ్బాలోని మట్టిలో ఆమె చిక్కుడు గింజ నాటింది. తీగ కాలిబాట వైపు పాకుతుంటే, “నీకేం తొందరనే?” అని దాన్ని గదిమి, తానూ అటే చూసేది.