తేనెపిట్ట మెచ్చిన జాగా

గోనెసంచిని మోకాళ్ల మధ్యకు లాక్కుని లస్మవ్వ కుట్టు మొదలుపెట్టింది. చేయి చెవిదాకా చాచి సుతిలి తాడు బిగించడం ఆమె పద్ధతి. ఒక్క లాగుడుకే చిరుగు మూసుకునేది. చేయి తన పని తాను చేసుకుపోతోంది గాని, కళ్లు మాత్రం తలుపు పక్కన వసారాలో కూర్చున్న తార మీదే ఉన్నాయి. ఆ పిల్ల దర్జాగా కాళ్లు చాపుకుని, వెలుతురులో, గాలిలో, తీరిగ్గా చిన్న చిన్న కుట్లు వేస్తోంది. లస్మవ్వ కూర్చున్న లోపలి మూలలో పసుపు దుమ్ము, ఎలుకల కంపు తప్ప ఇంకేమీ లేవు.

ఆ తలుపు పక్క జాగా లస్మవ్వది. ఆర్మూరులో బాబురావు సేటు రైతుల పసుపు అమ్మిపెట్టే ఆడ్తి దుకాణం తెరిచిన నాటి నుంచీ చిరిగిన సంచులు కుట్టేది ఆమే, అక్కడ కూర్చునేది ఆమే. బాల్కొండ నుంచీ మోర్తాడ్ నుంచీ వచ్చిన రైతులు బండి దిగుతూనే ఆమెను పలకరించేవారు. ఎవరి పసుపు ఎండింది, ఎవరిది పచ్చిగా ఉంది, ఎవరి కొడుకుకు దుబాయి వీసా వచ్చింది, అన్నీ ముందు ఆమె చెవిన పడేవి. గోడకు ఆమె వీపు ఆనే చోట సున్నం అరిగి నున్నబడింది.

ఎనభై ఎనిమిది సీజను మొదట్లో ఆమెకు చలిజ్వరం వచ్చింది. ఆ కొన్నాళ్ల కోసం సేటు తారను పెట్టుకున్నాడు. నేతపని వాళ్ల కోడలు, మొగుడు భీవండిలో మగ్గాల మీద పనిచేస్తాడు. జ్వరం తగ్గి లస్మవ్వ వచ్చేసరికి తార ఆ జాగాలో కూర్చుని ఉంది. అంతవరకైతే నాలుగు తిట్లతో లేపి పంపించేదే. కానీ తార నెత్తి మీద, వసారా కప్పు నుంచి వేలాడే పాత బల్బు తీగకు, ఒక తేనెపిట్ట గూడు కడుతోంది.

సేటుకు పిట్ట అంటే లక్ష్మి. సీజనులో తన గడపలో ఇల్లు కడుతోందంటే ఆయన ఆనందానికి హద్దు లేదు. లస్మవ్వ పోయి కూర్చోగానే పిట్ట తుర్రుమని ఎగిరిపోయింది. తార కూర్చుంటే వచ్చింది. మళ్లీ లస్మవ్వ కూర్చుంటే మళ్లీ పోయింది. సేటు గల్లాపెట్టె దగ్గర నుంచి చూసి తీర్పు చెప్పేశాడు.

"పిల్లలు ఎగిరిపొయ్యేదాక తారను గాడ్నే ఉండనియ్యి లస్మవ్వా. నువ్వు లోపల కూసో."

ఆ రోజు నుంచీ లస్మవ్వ కడుపులో నిప్పుల కుంపటి పెట్టుకుని కుడుతోంది. తార మీద మంట ఒక ఎత్తు, పిట్ట మీద మంట ఇంకో ఎత్తు. బొటనవేలంత ప్రాణి. ముక్కు దబ్బనం మొనంత ఉంటుంది. దానికేం పోగాలం, ఆర్మూరులో ఇంకో తీగే దొరకనట్టు.

అయినా కుట్టుపని చేసే మనిషి కనుక దాని పని గమనించకుండా ఉండలేకపోయింది. మొదట సాలెగూళ్ల పోగులు తెచ్చి తీగకు చుట్టింది. వాటికి ఎండుటాకుల ముక్కలు, గోనెపీచు, ఎదుటి బీడీ కంపెనీలో కత్తిరించి పారేసిన తునికాకు ముక్కలు అంటించింది. అది వేలాడే చెత్తకుప్పలా తయారైంది. "గిదొక ఇల్లా" అని లస్మవ్వ మూతి విరిచింది కూడా. తర్వాత పిట్ట ఆ కుప్పలోకి దూరి, రొమ్ముతో నెడుతూ గుండ్రంగా తిరిగి తిరిగి లోపల గది చేసుకుంది. పక్కన ద్వారం పెట్టుకుంది. ద్వారం మీద, వాన లోపల పడకుండా, చిన్న చూరు కూడా దించింది. ఆ చూరు చూసిన రోజు లస్మవ్వకు అన్నం సయించలేదు.

ఇదంతా ఆడపిట్ట ఒక్కతే చేసింది. మగది నల్లగా నిగనిగలాడుతూ కరెంటు తీగ మీద కూర్చుని పాడటమే గాని, ఒక్క పోగు తెచ్చిన పాపాన పోలేదు. ఆ ఒక్క విషయంలో లస్మవ్వకు పిట్ట మీద కాస్త జాలి కలిగేది. చనిపోయిన ఆమె మొగుడు లింగం కూడా అంతే. పాట మాత్రం బాగా పాడేవాడు.

వాళ్లు జీవితమంతా అద్దె గదుల్లోనే బతికారు. ఏ గదిలో దిగినా లస్మవ్వ నేల అలికేది, గోడ పగుళ్లు మట్టితో పూడ్చేది, పొయ్యి పక్కన గూడు తవ్వి దీపం పెట్టేది. గది కళకళలాడగానే ఇంటివాళ్లకు ఆ గదితో అవసరం పడేది. సామాను నెత్తిన పెట్టుకుని ఇంకో పాత గదికి పోయేవారు. సంవత్సరాల తరబడి ఎవరూ ఖాళీ చేయమనని చోటు ఆమెకు ఆ తలుపు పక్క జాగా ఒక్కటే.

అందుకే గూడు ఇంకా సగంలో ఉండగానే చీపురు కర్రకు కట్టి, దుకాణం చూరులోని సాలెగూళ్లన్నీ దులిపేసింది. పోగులు లేకపోతే పిట్ట ఎలా కడుతుందో చూద్దామని. సేటు చూసి, శుభ్రం చేసిందని మెచ్చుకున్నాడు. పిట్ట బీడీ కంపెనీ చూరు నుంచి తెచ్చుకుంది.

మధ్యాహ్నం అన్నాల వేళ తార గిన్నె కడుక్కుని వచ్చి లస్మవ్వ పక్కన కూర్చుంది.

"ఇగ పోతున్న అత్తా. మాపటి బస్సుకు భీవండికి. మా ఇంటాయనకు రూము దొరికిందట, రమ్మన్నడు."

లస్మవ్వకు సంతోషం పొంగింది. ఆ వెంటనే రూము అన్న మాట గుచ్చుకుంది. దీనికి ఇక్కడ జాగా దొరికె, అక్కడ ఇల్లు దొరికె.

"మంచిది బిడ్డా" అంది పైకి.

"పిట్టకు నువ్వంటె భయం లేదు అత్తా. నీ చెయ్యంటె భయం. గంత దూరం గుంజుతవు గద. జర చేతులు కదపకుండ కూసో. గదే అలవాటైతది."

తార పోయింది. లస్మవ్వ తన సద్దిసంచి తీసుకుని వసారాలోకి వచ్చి, గోడకున్న మేకుకు దాన్ని తగిలించింది. వీపు ఆనించింది. మనసు నిండిపోయింది.

సేటు తలెత్తి చూశాడు. "కూసో. కని పిట్ట బెదిరిపోతె మాత్రం లేవాలె."

పిట్ట ముక్కున దూది పట్టుకుని వచ్చింది. అలవాటు కొద్దీ లస్మవ్వ చేయి సుతిలిని చెవిదాకా లాగింది. పిట్ట వెనక్కి తిరిగి కరెంటు తీగ మీద వాలి అరవసాగింది. కాసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ బెదిరింది. సేటు గొంతు సవరించుకున్నాడు. లస్మవ్వ పని ఆపి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. పని లేకుండా ఎలా ఉండాలో ఆ చేతులకు తెలియదు.

ఊరి పక్కనున్న గుట్ట వైపు నుంచి గాలి వీస్తున్నా ఆమెకు చెమటలు పడుతున్నాయి. ఎడమ భుజం నుంచి ఏదో బరువు రొమ్ములోకి దిగుతోంది. గొంతు ఎండిపోయింది. నీళ్ల కుండ దగ్గర హమాలీ గంగాకిషన్ ఉన్నాడు, పిలిస్తే చెంబు తెచ్చిస్తాడు. కానీ పిట్ట అప్పుడే తీగ మీద నుంచి లేచి వసారా అంచుకు వచ్చింది. ఇప్పుడు నోరు తెరిస్తే అది పోతుంది. అది పోతే జాగా పోతుంది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ లేచి సామాను సర్దుకోవడం తన వల్ల కాదనుకుంది. నొప్పిని పంటి బిగువున ఓర్చుకుని ఆమె కదలకుండా కూర్చుంది.

పిట్ట గూట్లోకి దూరింది. లోపల గుండ్రంగా తిరుగుతుంటే గూడు మెల్లగా ఊగింది. కింద నుంచి లస్మవ్వ అది చూసింది. ఒక్క గది, ఒక్క ద్వారం, దాని మీద చూరు. ఎవరూ వచ్చి ఖాళీ చేయమనరు. ఆమెకు ఈర్ష్య తగ్గలేదు. నీ పక్కనే నేనూ ఉంటా చూడు అనుకుంది.

పిట్ట మళ్లీ వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. సాయంత్రం దాకా ఒక్కసారైనా బెదరలేదు. సేటు మురిసిపోయి గంగాకిషన్‌తో గుసగుసగా అన్నాడు.

"చూసినవా, పిట్ట లస్మవ్వకు అలవాటైంది. లేపకు."

తూకాల కాంటాలు ముగిసి, బండ్లు వెళ్లిపోయాక, కుట్టిన సంచుల కోసం గంగాకిషన్ వచ్చి పిలిచాడు. ఆమె పలకలేదు. భుజం తట్టి, ఆ చల్లదనానికి వెంటనే చేయి తీసుకున్నాడు. సేటును పిలిచాడు. నలుగురు హమాలీలు కలిసి ఆమెను చప్పుడు కాకుండా తోపుడు బండి మీదికి చేర్చారు.

మర్నాడు గంగాకిషన్ మేకు మీది సద్దిసంచి తీయబోతే సేటు వద్దన్నాడు.

"ఉండనియ్యి. పిట్ట బెదురుతది."

గూట్లో పిల్లలు లేచి ఎగిరిపోయేదాకా తలుపు పక్క జాగాలో ఇంకెవరూ కూర్చోలేదు. సున్నం అరిగిన గోడకు, ముడి కూడా విప్పని లస్మవ్వ సద్దిసంచి వేలాడుతూ ఉండిపోయింది.