పెన్షన్ పుస్తకంలో జంట ఫొటో

నేను ఒక జంట ఫొటోను. కానీ నాలో ఉన్న ఇద్దరూ భార్యాభర్తలు కారు. ఈ సంగతి తెలిసినవాళ్లు నలుగురే. వాళ్లలో ఒకాయన పోయిన రోజు నుంచి మిగిలిన ముగ్గురికీ కంటికి కునుకు లేదు. నేను మాత్రం బీరువాలో, పెన్షన్ పుస్తకం మొదటి పేజీలో, ఎప్పటిలాగే కళ్లు తెరుచుకుని ఉన్నాను. కళ్లు మూసుకునే వీలు ఫొటోలకు లేదు.

ప్రభుత్వోద్యోగి రిటైరయ్యేటప్పుడు భార్యతో కలిసి దిగిన ఫొటో మూడు ప్రతులు కాగితాలకు జతచేయాలి. ఆయన బతికున్నన్నాళ్లూ పెన్షన్ ఆయనకు వస్తుంది. ఆయన తర్వాత అందులో కొంత భార్యకు వస్తుంది. అప్పుడు ఆ భార్య ఎవరో ఖజానా ఆఫీసుకు తెలియాలి కదా. అందుకే నాలాంటి వాళ్లం పుడతాం. బంట్రోతుకైనా కమిషనరుకైనా ఇదే రూలు.

నాలో ఉన్న మగమనిషి సత్యానందం గారు. ఒక శాఖలో అదనపు కమిషనరుగా పనిచేశారు. ఎవరికి ఎంత జీతం రావాలి, ఏ తేదీ నుంచి ఇంక్రిమెంటు కలవాలి, ఎవరి పెన్షన్ ఎందుకు ఆపాలి అన్నది ఆయన పుస్తకం చూడకుండా చెప్పేవారు. కింది ఉద్యోగుల పెన్షన్ కాగితాలు ఆయన బల్ల మీదికి వస్తే ముందు ఫొటో చూసేవారు. 'భార్య చెవులు కనబడుటలేదు. మరల సమర్పించవలెను' అని రాసి వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. అలా వెనక్కి వచ్చిన ఫొటోల్లోని ఆడవాళ్లు జుట్టు వెనక్కి దువ్వుకుని, చెవులు ముందుకు పెట్టుకుని, మళ్లీ స్టూడియోకి వెళ్లేవారు.

తన కాగితాల దగ్గరకు వచ్చేసరికి ఆయనకు తీరిక దొరకలేదు. రిటైర్మెంటు మూడు వారాల్లో పడింది. అదే సమయానికి ఆయన భార్య మాణిక్యాంబకు గర్భసంచి ఆపరేషన్ జరిగి ఆస్పత్రిలో మంచం మీద ఉంది. సెక్షన్ గుమాస్తా వచ్చి, "సార్, రేపు సాయంత్రంలోగా జంట ఫొటో పెట్టకపోతే మీ పెన్షన్ ఎన్ని నెలలు ఆగుతుందో చెప్పలేనండి" అన్నాడు.

సాయంత్రం ఆయన ఆస్పత్రికి వెళ్లి ఆ మాట చెప్పారు. అక్కకు సాయంగా వచ్చిన సుగుణ పక్కనే నిలబడి బత్తాయి వొలుస్తోంది. సుగుణ మాణిక్యాంబకు స్వయానా చెల్లెలు.

"దీన్ని తీసుకెళ్లి దిగేయండి. ఫొటోయే కదా. ఎవరు చూస్తారు?" అంది మాణిక్యాంబ.

ఎవరు చూస్తారో సత్యానందం గారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయినా "సరే" అన్నారు.

స్టూడియోలో సుగుణ కుర్చీ అంచున కూర్చుంది. "అమ్మా, కొంచెం సారు వైపు జరగండి" అన్నాడు ఫొటోగ్రాఫరు. "ఇంతకంటే జరగను బాబూ. తీస్తే తియ్యి, లేకపోతే లేదు" అంది. "ఇన్నేళ్లు కాపురం చేసి ఇంకా సిగ్గేనా అమ్మా" అని అతను నవ్వుతూ మీట నొక్కాడు. నేను పుట్టింది ఆ నవ్వులో. నాలో ఇద్దరి మధ్యా జానెడు ఎడం ఉంది. సుగుణ కళ్లలో దొరికిపోతానన్న బెదురు ఉంది. ఆ తర్వాత నన్ను చూసిన గుమాస్తాలు దాన్ని పెద్ద ఆఫీసరు భార్యకు ఉండే బిడియం అనుకున్నారు.

నా మీద ఒక గెజిటెడ్ అధికారి సంతకం చేయాలి. సత్యానందం గారి కింద అసిస్టెంటు కమిషనరుగా ఉన్న జోగారావును పిలిచారు. మాణిక్యాంబ చేతి వంట ఎన్నో మధ్యాహ్నాలు తిన్న మనిషి అతను. నన్ను చూశాడు. ఆయన్ను చూశాడు.

"సార్, ఇందులో ఉన్నది..."

"సుగుణ. మీ అక్కయ్యగారు లేచి కూర్చోలేదు. పెట్టవయ్యా."

ఆకుపచ్చ సిరా పెన్ను నా మీదికి వచ్చి ఆగింది. పైకి లేచింది. మళ్లీ వచ్చింది. సంతకం సగం నా మీద, సగం కాగితం మీద పడింది. దాని పక్కన రబ్బరు ముద్ర సుగుణ భుజం మీద పడింది. అలా నేను ప్రభుత్వం దృష్టిలో నిజాన్ని అయ్యాను. మేం ముగ్గురం పుట్టాం. ఒకరు పెద్దాఫీసుకు, ఒకరు ఖజానాకు వెళ్లారు. నేను పెన్షనరు దగ్గర ఉండే పుస్తకంలో అంటుకుని ఇంటికి చేరాను.

సత్యానందం గారు క్వార్టర్లలోనే జీవితమంతా గడిపి సొంత ఇల్లు కట్టుకోలేదు. పిల్లలు లేరు. కాకినాడలో అద్దె ఇంట్లో దిగారు. పదకొండేళ్లు నా జోలికి ఎవరూ రాలేదు. ఖజానాలో ఎప్పుడు చూసినా నాలోని మగవాణ్ణే చూసేవారు. మాణిక్యాంబ ఒక్కతే అప్పుడప్పుడు పుస్తకం తెరిచి నా వైపు చూసేది.

"మళ్లీ ఇద్దరం దిగి ఇది మార్పించేద్దామండీ" అందొకసారి.

"మార్చాలంటే ఎందుకు మార్చాలో రాయాలి. రాస్తే జోగారావు ఉద్యోగం ఏమవుద్ది?" అన్నారాయన. పుస్తకం మూశారు. మాట అక్కడితో అయిపోయింది.

ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ ఆయన కూలబడిపోయారు. మళ్లీ లేవలేదు.

పన్నెండో రోజు దాటాక జోగారావు విశాఖపట్నం నుంచి వచ్చాడు. అదే శాఖలో ఇప్పుడు జాయింటు కమిషనరు. మాణిక్యాంబ, సుగుణ ఎదురుగా కూర్చున్నారు. మధ్యలో స్టూలు మీద నేను, పుస్తకం తెరిచి.

"అక్కయ్యగారూ, ఒక్క పూట పనండి. సుగుణమ్మగారు వెళ్లి సంతకం పెట్టి, వేలు ఆనించి వచ్చేస్తే అయిపోద్ది. మీ పేరునే వస్తది. మీ చేతికే వస్తది" అన్నాడు జోగారావు.

"నేనా?" అంది సుగుణ. "బావగారి పక్కన ఫొటో దిగిన సంగతే మా ఆయనకి పదకొండేళ్లుగా చెప్పలేదు. ఇప్పుడు బావగారి పెళ్లాన్నని సర్కారోళ్లకి చెప్పి రమ్మంటావా బాబూ?"

"మరి ఈవిడ వెళ్తే ఏం చెప్తారండి? ఫొటోలో ఉన్నది నేను కాదంటారా? ఆ ముక్క అన్న మరుక్షణం అడిగేది సంతకం ఎవరిదని. నాది. నేను నాలుగు నెలల్లో రిటైరవుతున్నాను. చార్జి మెమో ఒకటి చేతిలో పెట్టారంటే నా గ్రాట్యుటీ ఆగిపోద్ది, పెన్షన్‌లో కోత పెట్టినా పెడతారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసండి. మా ఇంట్లో అమ్మాయి పీజీ చదువుతోంది."

మాణిక్యాంబ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. పెన్షన్ రాకపోతే వచ్చే నెల అద్దెకే దారి లేదు. ఆ గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు.

"ఏటేటా వెళ్లాలంట కదా తమ్ముడూ, బతికున్నామని చూపించుకోడానికి?"

"అవునండి. ఏడాదికొకసారి."

"సుగుణకి షుగరు. పోయినేడు రెండుసార్లు ఆస్పత్రిలో పడింది. ఇది నాకంటే ముందు పోతే అప్పుడు నేను బతికున్నట్టా, పోయినట్టా?"



"అప్పుడే నా నోట్లో తులసి నీళ్లు పోసేత్తున్నావేంటే అక్కా" అంది సుగుణ.

"నేనే ముందు పోయాననుకో. నువ్వు ఏటా వెళ్లి నేను బతికున్నానని వేలు పెట్టి రావాలి. మానేస్తే ఎందుకు రాలేదని అడుగుతారు. ఇంటికొచ్చి నా దినం ఎలా పెడతావే?"

సుగుణ నవ్వబోయి మానేసింది.

"ఎవరు చూస్తారని ఆ రోజు అన్నది నేను" అంది మాణిక్యాంబ. "రేపు నేనే వెళ్తాను. నీ పేరు నా నోటితో చెప్పను తమ్ముడూ."

"చెప్పక్కర్లేదండి. అక్కడ నా ముద్ర ఉంది." జోగారావు లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "కొత్త దరఖాస్తు మీద మిమ్మల్ని గుర్తించినట్టు గెజిటెడ్ అధికారి ఒకరు సంతకం పెట్టాలి. రేపు నేనూ వస్తానండి."

సాయం చేయడానికి వస్తానన్నాడో, ఆపడానికి వస్తానన్నాడో ఆ ఇద్దరు ఆడవాళ్లకూ తెలియలేదు. అతనికీ తెలిసి ఉంటుందని నేను అనుకోను.

మర్నాడు పదకొండు గంటలకు ఖజానా ఆఫీసులో హైమవతి గారి బల్ల మీద నన్ను తెరిచి పెట్టారు. ఆవిడ ఆ ఆఫీసుకు అధికారి. ఖజానా ప్రతిలోని నా తోబుట్టువును కూడా తెప్పించి నా పక్కన పెట్టారు. పుట్టిన రోజు తర్వాత మేం కలుసుకోవడం అదే మొదలు. ఇద్దరం ఒకే అబద్ధం చెబుతూ పక్కపక్కన పడుకున్నాం.

హైమవతి గారు కళ్లజోడు సర్దుకుని నన్ను చూశారు. ఎదురుగా ఉన్న మనిషిని చూశారు. మళ్లీ నన్ను చూశారు.

"ముక్కుపుడకలు తీసేశారా అమ్మా?"

నాలో సుగుణ ముక్కుకు రెండు పక్కలా పుడకలున్నాయి. మాణిక్యాంబ వెనక నిలబడిన జోగారావు గొంతు సవరించుకున్నాడు. అవునండి, మొన్న కార్యం రోజున తీసేశారండి అంటే చాలు. దుఃఖంలో మనిషి చిక్కిపోయిందండి అంటే ఇంకా మేలు. పదకొండేళ్లలో ఎవరి ముఖమైనా మారుతుంది. ఆ మాట అతని పెదవుల దాకా రావడం నాకు కనబడింది.

"నాకు ముక్కు కుట్టించలేదమ్మా. ఆ ఫొటోలో ఉన్నది నేను కాదు. మా చెల్లెలు" అంది మాణిక్యాంబ.

పక్క బల్ల మీది గుమాస్తా రాయడం ఆపి తలెత్తాడు. హైమవతి గారు పుస్తకం తనవైపు తిప్పుకుని సుగుణ భుజం మీది ముద్రలో పేరు చదివారు. దరఖాస్తు మీద ఆ మనిషి పేరే ఉంది. తలెత్తి అతన్ని చూశారు.

"ఈ సంతకం మీదేనా అండి?"

"నాదేనండి."

"పెట్టేటప్పుడు ఫొటో చూశారా?"

చూడలేదని అనొచ్చు. కట్ట కాగితాల్లో పెట్టేశానని అనొచ్చు. ఆఫీసుల్లో అది పెద్ద తప్పు కాదు, సగం మంది చేసేదే. చేతిలోని పెన్ను క్యాపు తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అతను నోరు తెరిచాడు.

"చూశానండి. ఈవిడ కాదని తెలిసే పెట్టాను. ఈవిడే ఆయన భార్య. ఈవిడ చేత్తో పెట్టిన అన్నం తిన్నాను."

"ఆ రెండో ముక్క నాకక్కర్లేదు. మొదటిది రాసివ్వండి" అన్నారు హైమవతి గారు.

"ఆయన్నేం అనకండమ్మా. చెల్లెల్ని పంపింది నేను. నేను రాస్తాను" అంది మాణిక్యాంబ.

"ఇద్దరూ రాయండి" అని ఆవిడ చెరో తెల్లకాగితం ఇచ్చారు.

జోగారావు ఆకుపచ్చ సిరాతోనే రాశాడు. రాస్తున్నంతసేపూ అతని చెమట చుక్కలు బల్ల మీద పడుతూనే ఉన్నాయి.

ఆ కాగితాలతో పాటు నన్ను కూడా ఖజానా బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎనిమిది నెలలు విచారణ జరిగింది. ఎవరో వచ్చి నన్ను భూతద్దంలో చూశారు. ఇంకెవరో నా కింద నంబరు వేశారు. మాణిక్యాంబ ఆ ఎనిమిది నెలలూ ఏం తిని బతికిందో నాకు తెలియదు. జోగారావుకు రిటైర్మెంటు రోజున దండతో పాటు మెమో కూడా ఇచ్చారని, గ్రాట్యుటీ ఆపి తాత్కాలికంగా కొంత పెన్షన్ ఇస్తున్నారని గుమాస్తాలు టీ తాగుతూ చెప్పుకుంటుంటే విన్నాను. 'చూడలేదంటే పోయేది కదా, పిచ్చి మనిషి' అని ఒకడు అన్నాడు. మిగతావాళ్లు ఒప్పుకున్నారు.

పెన్షన్ మాణిక్యాంబకే ఇవ్వాలని ఉత్తర్వు వచ్చిన రోజున హైమవతి గారు నా మీద ఎర్ర సిరాతో ఆ మూల నుంచి ఈ మూలకు గీత గీసి, కింద తేదీ వేశారు. మాణిక్యాంబ ఒక్కతే దిగిన కొత్త ఫొటోకు జిగురు పూసి సరిగ్గా నా మీదే అంటించారు. నాకు లోకం కనబడడం ఆగిపోయింది. వినబడడం మాత్రం ఆగలేదు.

ఏడాది తిరిగాక పుస్తకం చంకలో పెట్టుకుని మాణిక్యాంబ బతికున్నట్టు చూపించుకోడానికి వెళ్లింది. తోడుగా సుగుణ వచ్చి బెంచీ మీద కూర్చుంది. అదే వరసలో, రిటైరయ్యాక కాకినాడకు మారిన జోగారావు గొంతు వినిపించింది. తన భార్యను కూడా వెంట తెచ్చుకున్నాడు.

"మేడంగారు రానక్కర్లేదండి, మీరొక్కరు చాలు" అన్నాడు గుమాస్తా.

"ఉండనివ్వండి. ఒకసారి ఈవిడ ముఖం చూసి పెట్టుకోండి" అన్నాడు జోగారావు.

మాణిక్యాంబ వంతు వచ్చింది. యంత్రం మీద వేలు ఆనించింది. గుర్తించలేదంది యంత్రం. చీర చెంగుతో వేలు తుడుచుకున్న చప్పుడైంది. మళ్లీ పెట్టింది. మళ్లీ కాదంది. అంట్లు తోమీ తోమీ గీతలరిగిపోయాయమ్మా, గట్టిగా నొక్కండి అన్నాడు గుమాస్తా. ఇంత చేసి ఇక్కడి దాకా వచ్చాక ఈ పెట్టె కూడా ఆమెను ఆమె కాదంటుందేమోనని నా మీది జిగురు కింద నేను బిగుసుకుపోయాను.

మూడోసారి యంత్రం కూత పెట్టింది. ఒప్పుకుంది.

"చూశావా, నేనైతే ఒక్క దెబ్బకి అయిపోయేది" అంది బెంచీ మీంచి సుగుణ.

మాణిక్యాంబ నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం అప్పటిదాకా నేను వినలేదు. ఆ నవ్వు ముఖంలో ఎలా ఉంటుందో నేను చూడలేను. నా మీద అంటించిన ఫొటోలో ఆమె నవ్వలేదు.